గుమ్మడికాయ కొట్టిన మర్నాడు

ఫిల్మ్‌నగర్‌లో కాస్ట్యూమర్ బాలనర్సయ్యని ఎరగనివాళ్లు లేరు గానీ, అతను మాట్లాడగా విన్నవాళ్లు తక్కువ. కొందరి నోట్లో నువ్వుగింజ నానదంటారు. ఇతని నోట్లో వేస్తే అది నాని, మొలకెత్తి, చెట్టయి, కాయలు కాసినా బయటికి రాదు. ఏ హీరోయిన్ నడుం ఎంత పెరిగిందో, ఏ హీరో బూట్ల లోపల ఎన్ని అట్టలు పెట్టారో అతని టేపుకి తెలుసు, అతనికి తెలుసు, మూడోవాడికి తెలియదు. అందుకే అందరికీ అతనే కావాలి. ఆ మంచిపేరే చివరికి కొంప ముంచింది. అతని కొంప కాదు, సూర్యప్రకాశరావుగారి కొంప.

సూర్యప్రకాశరావుగారిది పిఠాపురం. నాటకాలాడి, మద్రాసు వెళ్లి, పద్దెనిమిదేళ్లపాటు పెళ్లి సీన్లలో పందిట్లో కూర్చునే పెద్దమనిషిగానూ, కోర్టు సీన్లలో ఆఖర్న సుత్తి కొట్టే జడ్జీగానూ బతుకు వెళ్లదీసిన నటుడు. సినిమావాళ్లంతా ఒక్కొక్కరే హైదరాబాదు చేరుతుంటే ఆయనా చేరారు. పెద్దవాళ్లు జూబ్లీహిల్స్‌లో బండలు పగలగొట్టి మేడలు కట్టుకుంటే, ఆయన ఫిల్మ్‌నగర్ దిగువన ఒక మేడమీది వాటా అద్దెకి తీసుకుని భార్య బాలాత్రిపురసుందరితో కాపురం పెట్టారు. పిల్లల్లేరు. తొంభైమూడులో, యాభైమూడేళ్ల వయసులో, ఆయనకి తొలిసారిగా మొదటి రీలు నుంచి ఆఖరి రీలు దాకా ఉండే వేషం దొరికింది. ఊరి ప్రెసిడెంటు వేషం. భారీ మనిషి, బుర్రమీసాలు, తలపాగా, లాల్చీ, దాని కింద గుండ్రాయిలాంటి పొట్ట.

ఆ పొట్ట చూసే వేషం ఇచ్చారు. ఆ పొట్ట చూసే డాక్టరు, బీపీ ఎక్కువగా ఉంది, కాస్త ఒళ్లు వంచమన్నాడు. నడవడం తనవల్ల కాదని ఆయన ఒక పాత పచ్చరంగు సైకిలు కొన్నారు. పిఠాపురంలో హైస్కూలికి సైకిలు మీద వెళ్లేవాణ్ణి, ఆ కాళ్లు ఎక్కడికి పోతాయి అన్నారు. మొదటిరోజు పొద్దున్నే చెక్‌పోస్టు ఎత్తు ఎక్కలేక, దిగి, సైకిలు పట్టుకుని రొప్పుతూ నిలబడితే, బోరబండ నుంచి రోజూ అదే దారిన వచ్చే బాలనర్సయ్య చూసి ఆగాడు.

"సార్, ఎదురుంగ ఎక్కొద్దు. జర పక్కలకెల్లి, వంకర టింకరగ తొక్కాలె," అన్నాడు. అతనికి అది పెద్ద ఉపన్యాసం.

ఆ రోజు నుంచి ఇద్దరూ జోడీ. పొద్దున అయిదున్నరకి చెక్‌పోస్టు దగ్గర కలుసుకోవడం, కార్లు లేవని వేళ ఆ ఖాళీ రోడ్ల మీద గంటసేపు తొక్కడం, తర్వాత స్టూడియో వెనకాల పడవ ఆకారంలో ఉన్న బండ మీద కూర్చుని ఫ్లాస్కులోని టీ తాగడం. ఆ బండకి సూర్యప్రకాశరావుగారు 'మన పడవ' అని పేరుపెట్టారు. టీతోపాటు ఒక స్టీలు డబ్బా కూడా తెరుచుకునేది. అందులో సున్నుండలు.

సుందరమ్మగారి సున్నుండల గురించి ఒక మాట చెప్పాలి. మిక్సీలో పిండి వేడెక్కి చచ్చిపోతుందని ఆవిడ మద్రాసు నుంచి తిరగలిని లారీలో వేయించుకుని తెచ్చుకున్నారు. పొట్టుమినుములు దోరగా వేయించి, తిరగట్లో విసిరి, బెల్లం కలిపి, వెన్న కాచిన నెయ్యి వేడివేడిగా పోసి, ఆదివారం ఆదివారం చుట్టేవారు. సైకిలు తొక్కేవాడికి సత్తువ కావాలని ఆవిడ లెక్క. ఒళ్లు తగ్గడానికి సైకిలూ, తగ్గిన ఒళ్లు పెరగడానికి సున్నుండలూనా అని భర్త నవ్వితే, నీరు తగ్గాలి గానీ బలం తగ్గకూడదు అనేవారు. ఆ మూడు నెలలూ బాలనర్సయ్య జన్మలో ఎరగనంత సుఖంగా గడిచాయి. పనిలేని గంట అంటూ ఒకటి ఉంటుందనీ, అందులో ఒక స్నేహితుడు ఉంటాడనీ అతనికి నలభై అయిదేళ్లకి తెలిసింది.

జూన్‌లో, మిరుగు కార్తె ముందు, సెట్‌లో సూర్యప్రకాశరావుగారికి లాల్చీ తొడిగితే భుజాల దగ్గర గుడ్డ వాలింది. బాలనర్సయ్య టేపు పెట్టి చూశాడు. ఛాతీ అంగుళమున్నర తగ్గింది.

సినిమా తీసే పద్ధతి తెలియనివాళ్లకి ఇది పెద్ద విషయంగా తోచదు. ఈరోజు తీసే సీను తెరమీద నిన్నటి సీనుకి ముందు రావచ్చు. గుమ్మంలోంచి బయటికి వచ్చేది మార్చిలోనూ, వచ్చి మెట్లు దిగేది జూన్‌లోనూ తీస్తారు. మెట్లు దిగేలోపల మనిషి అంగుళమున్నర చిక్కిపోతే జనం నవ్వుతారు. అందుకని బాలనర్సయ్య ఎవరికీ చెప్పకుండా లాల్చీ లోపల, పాత కుట్టుకి పక్కన కొత్త కుట్టు వేశాడు. పాతది విప్పలేదు. మనిషి మళ్లీ ఒళ్లు చేస్తే తన కుట్టు పీకేస్తే చాలు, చొక్కా మొదటి కొలతకి వచ్చేస్తుంది. అది అతని పనితనం.

సెట్‌లో అందరూ సూర్యప్రకాశరావుగారిని మెచ్చుకునేవాళ్లే. "సైకిలు మహిమ సార్, పదేళ్లు తగ్గిపోయారు," అన్నాడు డైరెక్టరు. ఒకరిద్దరు వాళ్లూ సైకిళ్లు కొన్నారు. డాక్టరు బీపీ చూసి, బరువు చూసి, శభాష్ అన్నాడు. చిక్కడాన్ని ఇంతమంది పొగడగా చూడటం లోకంలో అదే మొదలేమో.

కానీ బాలనర్సయ్యకి మాత్రమే తెలిసిన సంగతి ఒకటుంది. వాళ్లు సైకిలు తొక్కడం మానేసి మూడు వారాలైంది.

ఎత్తు ఎక్కలేకపోతున్నాను, కాసేపు కూర్చుందామని ఒకరోజు అన్నారాయన. మర్నాడూ అదే అన్నారు. తర్వాత చెక్‌పోస్టు నుంచి బండదాకా సైకిళ్లు నడిపించుకుంటూ వెళ్లి, గంటసేపు కూర్చుని, వెనక్కి వచ్చేయడం అలవాటైపోయింది. డబ్బా మూత తీసి బాలనర్సయ్య ముందుకి తోసేవారు.

"నువ్వు తినవయ్యా. నాకు నోట్లో పెట్టుకుంటేనే కడుపులో దేవుతోంది."

"ఎన్నొద్దులసంది సార్?"

"ఏమో, పది పదిహేను రోజులు. అరగడం లేదు. వేడి చేసి ఉంటుంది."

"డాక్టర్‌కి చూపెట్టుకోవాలె సార్."

ఆయన కింద స్టూడియో రేకుల కప్పు వైపు చూశారు. "పద్దెనిమిదేళ్లయ్యా. ఇప్పుడు నాకు ఒంట్లో బాగాలేదని ఒక్క మాట పొక్కితే, రేపు ఈ లాల్చీ ఇంకొకడికి తొడుగుతావు నువ్వు. తీసిన నాలుగు రీళ్లూ మళ్లీ తీస్తారు గానీ జబ్బువాణ్ణి పెట్టుకోరు. వచ్చే నెలాఖరుకి గుమ్మడికాయ కొడతారు. కొట్టిన మర్నాడే డాక్టరు దగ్గరికి పోదాం, ఇద్దరం, సైకిళ్ల మీద. అందాకా సుందరికి కూడా చెప్పకు. తనకి తెలిస్తే ఆ పూటే షూటింగు మాన్పిస్తుంది."

ఆఖరి షాటు అయ్యాక కెమెరాకి దిష్టి తీసి గుమ్మడికాయ కొట్టడం ఆచారం. అది కొట్టారంటే పిక్చరు పూర్తయినట్టు. నెలాఖరు ఎంతలోకి వస్తుందిలే అనుకున్నాడు బాలనర్సయ్య. అలాగే సార్ అన్నాడు. అనకుండా ఉండాల్సింది. కానీ అతనికి ఇన్నేళ్లుగా అన్నం పెట్టిన గుణం అదే, స్నేహితుడి దగ్గర మాత్రం దాన్ని ఎలా వదులుకుంటాడు?

ఆదివారం ఖాళీ డబ్బా ఇవ్వడానికి వెళితే సుందరమ్మగారు గుమ్మంలోకి వచ్చారు. చేతులకి పిండి ఉంది.

"బాలనర్సయ్యా, నిజం చెప్పు. రాత్రిళ్లు చారన్నం కూడా కెలికి వదిలేస్తున్నారు. అడిగితే సెట్‌లో ఎక్కువైపోయిందంటున్నారు. అక్కడ తింటున్నారా?"

"తింటున్నరమ్మా."

"సున్నుండలో?"

"రోజుకు రెండు తింటున్నరు."

"పోనీలే. సైకిలు తొక్కేవాళ్లకి తగ్గడం మామూలేనని డాక్టరుగారు కూడా అన్నారు. నువ్వు పక్కనుండబట్టి నాకు ధైర్యంగా ఉంది," అని ఆవిడ నిండు డబ్బా చేతికిచ్చారు. బాలనర్సయ్య ఆ డబ్బా హ్యాండిలుకి తగిలించుకుని రోడ్డు మలుపు తిరిగేదాకా వెనక్కి చూడలేదు.

నెలాఖరుకి గుమ్మడికాయ కొట్టలేదు. హీరో కాలు బెణికింది. బోనాల వేళకి రెండో కుట్టు వేశాడు. ఆగస్టులో కొడతామన్నారు. ఆగస్టంతా వాన, బయట వేసిన సెట్టు తడిసి ఊడిపోయింది. వినాయక చవితికి మూడో కుట్టు. ఇక పొట్ట దగ్గర కుట్లతో లాభం లేక, దూది కూరి ఒక చిన్న పరుపులాంటిది కుట్టి నడుముకి కట్టాడు. మొహం సంగతి మీసాలూ, తలపాగా, మేకప్పూ చూసుకున్నాయి. బోరబండలో మాత్రం బాలనర్సయ్య భార్య దేవమ్మా పిల్లలూ సున్నుండలు తిని బాగా నున్నబడ్డారు. బాలనర్సయ్యకి కూడా ప్యాంటు బిగుతైంది. ఒకరోజు బెల్టు ఇంకో రంధ్రం వెనక్కి జరుపుకుంటూ, ఆ రంధ్రం ఎవరి ఒంట్లోంచి వచ్చిందో తట్టి, అతను చాలాసేపు అలాగే నిలబడిపోయాడు.

ఆ మర్నాడే బండ మీద గట్టిగా అనేశాడు. "సార్, ఇగ నాతోని కాదు. నేను అమ్మకు చెప్త."

సూర్యప్రకాశరావుగారు కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. అతని చేయి పట్టుకున్నారు. ఆ చేతిలో ఎముకలు ఎన్నో లెక్కపెట్టవచ్చు.

"పన్నెండు రోజుల పనే మిగిలింది. దసరా వెళ్లగానే అయిపోతుంది. ఆఖరి సీను చాలా బాగా రాశాడయ్యా. ఊరంతా కాదన్నాక ప్రెసిడెంటు ఒక్కడే ఇల్లు వదిలి నడుచుకుంటూ పోతాడు. అది ఒక్కటి చేయనీ. మద్రాసులో పద్దెనిమిదేళ్లు పందిట్లో కూర్చున్నది దానికోసమే."

బాలనర్సయ్య చెప్పలేదు. బతుకమ్మ పండుగకి నాలుగో కుట్టు వేశాడు.

దీపావళికి పదిరోజుల ముందు, మధ్యాహ్నం, లైట్ల మధ్య నిలబడి పెద్ద డైలాగు ఒక్క టేకులో చెప్పి, అందరూ చప్పట్లు కొడుతుండగా సూర్యప్రకాశరావుగారు కూలిపోయారు. ప్రొడక్షన్ మేనేజరు వెంకటాచలం కారు తెప్పించాడు. వెనక సీట్లో ఆయన తల ఒళ్లో పెట్టుకున్న బాలనర్సయ్య చేసిన మొదటి పని, లాల్చీ కింద చేయి పెట్టి దూది మూట ముడి విప్పడం. తీసి సీటు కింద దాచాడు. ఎందుకు దాచావంటే చెప్పలేడు. ఇరవై ఏళ్లు గుట్టు దాచిన చేతులు, ఆ ఘడియలోనూ దాచాయి. బంజారాహిల్స్ ఆస్పత్రిలో స్ట్రెచరు మీద పడుకోబెట్టినప్పుడు ఆయన ఎంత మిగిలారో అంతే కనిపించారు, చాలా కొద్దిగా.

కడుపులో గడ్డ అన్నారు. ముదిరిపోయిందన్నారు. రెండు మూడు నెలలు ముందు వచ్చి ఉంటే ఏదైనా చేసేవాళ్లమని డాక్టరు సుందరమ్మగారితో అంటుంటే బాలనర్సయ్య గోడకి ఆనుకుని విన్నాడు. పదహారో రోజున ఆయన పోయారు.

దినవారాలు అయిన వారానికి వెంకటాచలం పిలిచాడు. ఆ ఒక్క ఆఖరి సీను మిగిలిపోయింది. మనిషి వెనక్కి తిరిగి నడిచిపోయేదే కాబట్టి డూపుతో లాగించేస్తారట. ఆదినారాయణ అని, అచ్చం ఆయనంత మనిషే దొరికాడు. లాల్చీ మాత్రం ఆస్పత్రి నుంచి సూర్యప్రకాశరావుగారి ఇంటికి వెళ్లిపోయింది. "నువ్వంటే ఆవిడకి అభిమానం. నువ్వెళ్లి తీసుకురా. రేపు తొమ్మిదింటికి షాటు."

మేడమెట్ల కింద పచ్చ సైకిలు గోడకి వారగా ఉంది. టైర్లలో గాలి లేదు. సుందరమ్మగారు తలుపు తీసి, ఎందుకొచ్చావని అడగకుండా లోపలికి వెళ్లి లాల్చీ తెచ్చారు. ఉతికి, మడతపెట్టి ఉంది. ఇవ్వలేదు. నేలమీద కూర్చుని, లోపలి వైపు పైకి వచ్చేలా తిప్పి ఒళ్లో పరుచుకున్నారు.

"ఉతుకుతుంటే చూశాను. నాకూ కుట్టుపని వచ్చులే. ఇదేంటి బాలనర్సయ్యా, ఒకదాని పక్కన ఒకటి?"

అతను ఎదురుగా కూలబడ్డాడు. ఆవిడ వేలు మొదటి కుట్టు మీద ఉంది.

"ఇది ఎప్పుడేశావు?"

"మిరుగు ముందల అమ్మా."

"ఇది?"

"బోనాలప్పుడు."

"ఇది?"

"వినాయక చవితికి."

"ఇది?"

"బతుకమ్మకు." అడక్కుండానే దూది మూట సంగతి కూడా చెప్పాడు. సైకిలు తొక్కని సంగతీ చెప్పాడు. బండ మీద కూర్చునే వాళ్లమని చెప్పాడు. జీవితంలో అతను అన్ని మాటలు ఒక్కచోట మాట్లాడింది అప్పుడే.

సుందరమ్మగారు ఏడవలేదు. "మిరుగుకి ఇంకా మామిడిపళ్లు వస్తున్నాయి. ఆ ఆదివారం గుమ్మంలో నిలబడి నిన్ను అడిగాను."

"అడిగిండ్రు."

"తింటున్నారన్నావు."

"అన్న."

"నా సున్నుండలు ఎవరు తిన్నారు?"

బాలనర్సయ్య తల ఎత్తలేదు. "నేను తిన్నమ్మా. మా ఇంట్ల తిన్నరు."

వంటింటి గుమ్మం పక్కన తిరగలి మీద గోనెపట్టా కప్పి ఉంది. ఆవిడ మళ్లీ కుట్ల మీద వేలు పెట్టారు.

"పాత కుట్టు ఎందుకు ఉంచావు? విప్పేస్తే నాకు కనబడేది కాదుగా."

"సారు మల్ల ఒళ్లు చేస్తరనుకున్న. గుమ్మడికాయ కొట్టినంక దవఖానకు పోతమని మాటిచ్చిండ్రు. మంచిగైతే నా కుట్లు పీకితే సాలు, అంగి మొదటి లెక్కకొస్తది." రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చాడు.

ఆవిడ ఓదార్చలేదు, తిట్టలేదు. లేచి బ్లేడు తెచ్చుకున్నారు. విప్పాల్సింది తనేనని అతను చేయి చాపితే ఇవ్వలేదు. బతుకమ్మ కుట్టు, చవితి కుట్టు, బోనాల కుట్టు, మిరుగు కుట్టు, ఒక్కొక్క దారమే తెంపి, లాగి, పోగులన్నీ కొంగులో వేసుకున్నారు. ఆఖరి పోగు వచ్చాక లాల్చీ సవ్యంగా తిప్పి, దులిపి, రెండు చేతులతో భుజాల దగ్గర పట్టుకుని ఎత్తి చూశారు. మార్చినెలలో ఎంత వెడల్పుందో అంత ఉంది. మడతపెట్టి అతని చేతికిచ్చారు.

"నువ్వు ఇంత బాగా కుట్టకుండా ఉండాల్సింది, బాలనర్సయ్యా," అని లోపలికి వెళ్లి తలుపు చేరేశారు.

మర్నాడు తొమ్మిదింటికి ఆదినారాయణకి లాల్చీ తొడిగాడు. దూది అక్కర్లేకుండానే సరిపోయింది. భుజాల దగ్గర ఒక్క ముడత లేదు. ఆదినారాయణ వీపు తిప్పి గేటు దాటి నడిచాడు. ఒకే టేకు. "అచ్చం సార్ లాగే ఉన్నాడు, ఎక్కడా తేడా తెలియదు," అని డైరెక్టరు కళ్లు తుడుచుకుని బాలనర్సయ్య భుజం తట్టాడు.

తర్వాత కెమెరా ముందు కర్పూరం వెలిగించి, మూడుసార్లు తిప్పి, గుమ్మడికాయ కొట్టారు. అందరికీ స్వీట్లు పంచారు. బాలనర్సయ్య తన వంతు పక్కవాడికిచ్చి, లాల్చీ మడిచి పెట్టెలో పెట్టి, సైకిలు నడిపించుకుంటూ బోరబండ దారి పట్టాడు. మాట ప్రకారం రేపు పొద్దున అయిదున్నరకి ఇద్దరూ డాక్టరు దగ్గరికి వెళ్లాలి.